చింగ్‌మింగ్: ఒక్క రోజులో ముడిపడ్డ నాలుగు పండుగలు

ఏప్రిల్ మొదటి వారంలో దక్షిణ చైనా కొండవాలుల్లో పొద్దున్నే జనం కనిపిస్తారు. ఒకరి చేతిలో కొడవలి, ఒకరి భుజాన పార, ఇంకొకరి దగ్గర ఎర్ర రంగు డబ్బా, సన్న కుంచె. వెనకాల ఇద్దరు మోసుకొస్తున్న పెట్టెలో, తోలు కరకరలాడేలా కాల్చిన పంది. పిల్లల చేతుల్లో ఆటనోట్ల లాంటి కాగితపు డబ్బు కట్టలు. అందరూ వెళ్తున్నది తాతముత్తాతల సమాధుల దగ్గరికి. పనయ్యాక అదే కొండ మీద కూర్చుని తింటారు, కొందరు గాలిపటాలు ఎగరేస్తారు. కొత్తగా చూసేవాడికి ఇది సంతాపమో వనభోజనమో అర్థం కాదు.

దీని పేరు చింగ్‌మింగ్. మనవాళ్లు దీన్ని ‘చైనా వాళ్ల పెత్రమాస’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. ఆ పోలిక సగం దూరమే నడుస్తుంది. పెత్రమాసకు పెద్దలు మన గడపకు వస్తారన్న నమ్మకంతో బియ్యం ఇస్తాం, పెద్దలకు పెట్టుకుంటాం. చింగ్‌మింగ్‌కు మనుషులే వాళ్ల చోటుకు వెళ్తారు. ఆ లెక్కన నవంబరు 2న మన క్రైస్తవులు చేసుకునే సమాధుల పండుగే దీనికి దగ్గరి చుట్టం. చనిపోయినవాళ్లు బతికున్నవాళ్ల దగ్గరికి వచ్చే రోజు చైనాలో వేరే ఉంది, ఏడో చాంద్రమాసం పౌర్ణమి. పదో నెల మొదటి రోజున వాళ్లకు చలికాలపు బట్టలు కాగితంతో చేసి కాల్చి పంపిస్తారు. ఈ మూడింటినీ కలిపేయడమే మొదటి తికమక.

రెండో తికమక చింగ్‌మింగ్ లోపలే ఉంది. ఒక రుతువు పేరు, ఒక నిప్పు నిషేధం, సమాధుల శుభ్రం, ఒక వసంత విహారం: వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల్లో పుట్టిన ఈ నాలుగూ ఒకే రోజు మీదికి వచ్చి చేరాయి. ఒక్కో పోగూ విడదీసి చూస్తే తప్ప ఆ రోజు చేసే పనులకు అర్థం చిక్కదు.

తేదీ ఎందుకు కదలదు

చింగ్ అంటే తేట, మింగ్ అంటే వెలుగు. పేరులో పెద్దలూ లేరు, సమాధులూ లేవు. ఎందుకంటే మొదట ఇది పండుగ పేరే కాదు. మన రైతులు ఏడాదిని 27 కార్తెలుగా చూసినట్టు, చైనా రైతులు సూర్యుడి నడకను 24 భాగాలు చేసుకున్నారు. వాటిలో అయిదోది చింగ్‌మింగ్. ‘చింగ్‌మింగ్‌కు అటూ ఇటూ తీగ పాదులు పెట్టు, చిక్కుళ్లు నాటు’ అని అక్కడి సామెత. మృగశిర కార్తె పంచాంగంలో ఒక మాటగా ఉండి, చేపలు తినే రోజుగా మారినట్టే ఇదీ కార్తె నుంచి పండుగైంది.

వసంత విషువత్తు నాడు సూర్యుడు సున్నా డిగ్రీల దగ్గర ఉన్నాడనుకుంటే, 15 డిగ్రీలకు చేరిన రోజు చింగ్‌మింగ్. లెక్క బీజింగ్ సమయానికి చూస్తారు. కాబట్టి ఇంగ్లిషు క్యాలెండరులో ఇది ఏప్రిల్ 4 లేదా 5న పడుతుంది: 2024, 2025ల్లో 4న, 2026, 2027ల్లో 5న, 2028లో మళ్లీ 4న. చైనా కొత్త సంవత్సరం చంద్రుడిని బట్టి నెల రోజులు అటూ ఇటూ ఊగుతుంది, ఇది ఊగదు. చాంద్రమాన తిథి మాత్రం ఏటా మారుతుంది. 2025లో మూడో నెల 7వ రోజున వస్తే, 2026లో రెండో నెల 18వ రోజున వచ్చింది. ‘మూడో నెలలో వచ్చే పండుగ’ అని రాసేవాళ్లు ఇక్కడే జారిపడతారు.

సమాధికి ఆ ఒక్క రోజే వెళ్లాలన్న నియమం లేదు. మలేషియా, సింగపూర్‌లలో ముందు పది రోజులు, వెనక పది రోజులు చెల్లుతుంది. చైనాలో ఊరికో లెక్క. చనిపోయి మూడేళ్లు దాటని కొత్త సమాధులకు మాత్రం చాలా చోట్ల చింగ్‌మింగ్‌కు ముందే వెళ్లాలంటారు.

చల్లటి తిండి రోజు

ఈ రోజుకు ఆనుకుని ఒకప్పుడు హాన్‌షి అనే పండుగ ఉండేది. మాటకు అర్థం ‘చల్లటి తిండి’. పొయ్యి రాజేయకూడదు, ముందే వండిపెట్టుకున్నదే తినాలి.

దాని వెనక కథ ప్రతి చైనా పిల్లవాడికీ తెలుసు. జిన్ రాజ్యపు రాకుమారుడు చుంగ్‌అర్ 19 ఏళ్లు పరదేశాల్లో తలదాచుకున్నాడు. ఆకలితో పడిపోయినప్పుడు జియే జితుయ్ అనే అనుచరుడు తన తొడ కండ కోసి పులుసు కాచి పెట్టాడు. క్రీ.పూ. 636లో చుంగ్‌అర్ గద్దెనెక్కి, అందరికీ పదవులు ఇచ్చి ఇతణ్ని మరిచిపోయాడు. జియే తల్లిని తీసుకుని మియెన్ కొండల్లోకి వెళ్లిపోయాడు. అతణ్ని బయటికి రప్పించాలని రాజు అడవికి నిప్పు పెట్టించాడు. తల్లీ కొడుకులిద్దరూ ఒక విల్లో చెట్టు కింద కాలిపోయి దొరికారు. ఆ రోజు నిప్పు ముట్టించొద్దని రాజాజ్ఞ అయింది.

చిక్కేమిటంటే, ఆ కాలానికి దగ్గరగా రాసిన చరిత్రలో మంట ఊసే లేదు. జియే ప్రతిఫలం అడగకుండా తల్లితో కలిసి అజ్ఞాతంలోకి వెళ్లి అలాగే చనిపోయాడని మాత్రమే ఉంది. పైగా తొలినాళ్లలో ఈ ఆచారం వసంతంలోది కాదు. రెండు వేల ఏళ్ల కిందట, హాన్ వంశపు కాలంలో ఇప్పటి షాన్‌షీ రాష్ట్రంలోని తైయువాన్ ప్రాంతం వాళ్లు నడి చలికాలంలో అయిదు రోజులు పొయ్యి వెలిగించేవారు కాదని ఒక రాత ఉంది. పాత నిప్పు ఆర్పేసి కొత్త నిప్పు పుట్టించే ఆచారం ఏదో ముందునుంచే ఉండి ఉంటుందనీ, జియే కథ తర్వాత దానికి తగిలించిందనీ పండితులు ఎక్కువమంది అనుకునేది. నాకూ అదే నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. థాంగ్ వంశపు రాజులు చింగ్‌మింగ్ నాడు ఎల్మ్, విల్లో కర్రల నుంచి పుట్టించిన కొత్త నిప్పును కొలువులోని పెద్దలకు పంచేవారు. నిప్పు మార్చుకోవడమే అసలు పని అని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

ఆచారం ముదిరి ప్రాణాల మీదికి కూడా వచ్చింది. షాన్‌షీ చలిలో నెలంతా చల్లటి తిండి తిని ముసలివాళ్లు, పసివాళ్లు చనిపోతున్నారని రెండో శతాబ్దంలో జోవ్ జ్యూ అనే అధికారి దాన్ని తగ్గించాడు. క్రీ.శ. 206లో త్సావ్ త్సావ్ అనే యుద్ధనాయకుడు ఏకంగా నిషేధించాడు. చల్లటి తిండి ఆచరించిన ఇంటి యజమానికి ఆరు నెలల శిక్ష, ఊరి అధికారికి 100 రోజులు, పై అధికారికి నెల జీతం కోత. జనం వినలేదు.

ఇక తేదీ లెక్క. చలికాలపు అయనాంతం, అంటే డిసెంబరు 21 లేదా 22 నుంచి 105వ రోజు హాన్‌షి. అప్పట్లో 24 భాగాలనూ సమాన కాలంగా, ఒక్కోటి దాదాపు 15.2 రోజులుగా పంచేవారు. అయనాంతం నుంచి చింగ్‌మింగ్ ఏడో మెట్టు కాబట్టి 106 లేదా 107 రోజులకు వచ్చేది. చల్లటి తిండి ఒకటి రెండు రోజులు ముందు, కొత్త నిప్పు వెనక. కథ చక్కగా అతికేది.

1645లో చింగ్ వంశపు కొత్త క్యాలెండరు కాలాన్ని వదిలేసి సూర్యుడు నిజంగా ఎన్ని డిగ్రీలు నడిచాడో చూడటం మొదలుపెట్టింది. జనవరిలో భూమి సూర్యుడికి దగ్గరగా ఉండి వేగంగా తిరుగుతుంది కాబట్టి అయనాంతం నుంచి చింగ్‌మింగ్‌కు ఇప్పుడు 104 రోజుల చిల్లరే పడుతుంది. దాంతో 105 రోజుల పాత లెక్క చింగ్‌మింగ్‌ను దాటిపోయింది. చైనాలో హాన్‌షిని చింగ్‌మింగ్‌కు ముందు రోజుగా సర్దుకున్నారు. కొరియా వాళ్లు హాన్సిక్ పేరుతో ఇదే పండుగ చేసుకుంటూ 105నే పట్టుకున్నారు. అందుకే 2025లో చింగ్‌మింగ్ ఏప్రిల్ 4 అయితే హాన్సిక్ ఏప్రిల్ 5. ముందు రావాల్సింది వెనక వచ్చింది. ఎవరూ తప్పు చేయలేదు, లెక్క కింద నేల కదిలింది అంతే.

సమాధులు ఎప్పుడు చేరాయి

శాస్త్రగ్రంథాల్లో చల్లటి తిండి రోజున సమాధికి వెళ్లమని ఎక్కడా లేదు. జనమే మొదలుపెట్టారు. 732లో థాంగ్ చక్రవర్తి శ్వాన్‌జుంగ్ ఆజ్ఞ ఆ మాట ఒప్పుకుంటూనే, ఆచారంగా మారిపోయింది కాబట్టి అనుమతిస్తున్నాం అంది. షరతులు చూడండి: సమాధి ఆవరణ దక్షిణ ద్వారం బయట నైవేద్యం పెట్టాలి, ఏడ్చి సెలవు తీసుకోవాలి, మిగిలిన తిండి వేరే చోట తినాలి, సంగీతం కూడదు. ఇన్ని వద్దన్నారంటే అన్నీ జరుగుతున్నాయనే. సమాధి దగ్గర భోజనం, పాటలు పదమూడు వందల ఏళ్ల పాత ఫిర్యాదు.

దూర ప్రాంతాల్లో కొలువు చేసేవాళ్లు సొంతూరు వెళ్లడానికి 736లో రెండు పండుగలకూ కలిపి నాలుగు రోజుల సెలవు ఇచ్చారు. అక్కడి నుంచి హాన్‌షి కరిగిపోయి చింగ్‌మింగ్‌లో కలిసింది. మూడో నెల మూడో రోజున ఏటి ఒడ్డుకు వెళ్లి స్నానాలు చేసి, మద్యం తాగి, ఆటలాడుకునే షాంగ్‌సి అనే మరో పండుగ కూడా తేదీ దగ్గరగా ఉండటంతో ఇందులోకే ఒదిగింది. గాలిపటాలు, ఉయ్యాలలు, ‘పచ్చిక తొక్కడం’ అనే షికారు ఈ వైపు నుంచి వచ్చినవే.

సమాధి దగ్గర పని

దక్షిణాది సమాధి గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. మధ్యలో మట్టి దిబ్బ, దాని ముందు రాతి ఫలకం, ఫలకం ముందు నైవేద్యం పెట్టే అరుగు. పక్కన చిన్న రాయి ఒకటి వేరుగా ఉంటుంది. అది హౌథూ, ఆ నేలకు దేవత. కొత్తవాళ్లు దాన్ని ఎవరో పిల్లల సమాధి అనుకుంటారు.

ముందు గడ్డి కోస్తారు. చిన్న చెట్లు మొలిస్తే నరకడమే తప్ప వేళ్లతో పీకరు. పీకితే దిబ్బ వదులై, వాన నీళ్లు ఆ కంతలోంచి లోపలికి దిగుతాయి. తర్వాత ఎలుక బొరియలు, కోతలు వెతికి కొత్త మట్టి పోసి పారతో అదుముతారు. దక్షిణాన అసలు వానలు మే, జూన్ నెలల్లో వస్తాయి. అంతకు ముందే మరమ్మతు పూర్తి కావాలి. మిగతా రోజుల్లో సమాధి మట్టి కదపడానికి భయపడేవాళ్లు కూడా చింగ్‌మింగ్ రోజుల్లో ధైర్యంగా కదుపుతారు.

రాతి మీద అక్షరాలకు రంగు వేయడం ఓపిక పని. నీళ్లు, మెత్తటి బ్రష్‌తో నాచు తోమి, రాయి పూర్తిగా ఆరాక మాత్రమే రంగు ముట్టాలి. తడిరాయి మీద వేసిన ఎనామిల్ ఏడాది తిరక్కుండానే పొలుసులుగా లేస్తుంది. ఇనుప బ్రష్ గ్రానైట్ మెరుపు పోగొడుతుంది, బాత్‌రూమ్ యాసిడ్ పాలరాయిని తినేస్తుంది. సన్న కుంచెతో అక్షరం గాడి నింపి, అంచు దాటిన రంగును ఆరకముందే కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడవాలి. రంగుకూ భాష ఉంది. భార్యాభర్తల ఉమ్మడి రాయి మీద ఇద్దరి పేర్లూ ముందే చెక్కిస్తే, బతికున్నవారి పేరు ఎరుపులో ఉంటుంది. చనిపోయినవారి పేరు బంగారు రంగులోనో నలుపులోనో, ఊరి వాడుకను బట్టి. ఉత్సాహంగా అన్నిటికీ ఎరుపు పూసేసే అల్లుళ్లు ప్రతి కుటుంబంలో ఒకరుంటారు.

శుభ్రం అయ్యాక దిబ్బ మీద అక్కడక్కడా కాగితపు ముక్కలు పెట్టి వాటి మీద చిన్న రాళ్లు ఉంచుతారు. పసుపు, తెలుపు, కొన్ని చోట్ల అయిదు రంగులు. సిచ్వాన్, గుయ్‌జౌ వైపు వెదురు పుల్లకు తెల్ల కాగితపు కుచ్చులు కట్టి గుచ్చుతారు. ఈ సమాధికి మనుషులున్నారు, ఈ ఏడాది వచ్చి వెళ్లారు అని దారిన పోయేవాళ్లకు తెలియడమే దీని పని. కాగితం లేని సమాధి దిక్కులేనిదని లెక్క.

నైవేద్యం ముందు హౌథూకు. ఏడాదంతా కాపలా కాసింది ఆ దేవతే. ఆయన్ని దాటి పెద్దలకు పెడితే ఇంటి యజమానిని పలకరించకుండా వంటింట్లోకి వెళ్లినట్టు. తర్వాత ఫలకం ముందు మూడు కప్పుల టీ, మూడు లేదా అయిదు కప్పుల మద్యం, అన్నం గిన్నెలు, ఎంతమంది పెద్దలుంటే అన్ని జతల చాప్‌స్టిక్‌లు. మూడు మాంసాలు తప్పనిసరి: పంది, తల ఉన్న కోడి, నిలువునా చేప. గ్వాంగ్‌డంగ్, హాంకాంగ్ వైపు పంది ముక్క కాక మొత్తం పందినే కాల్చి తెస్తారు. పండ్లలో బేరి పండు వద్దంటారు, దాని పేరు ‘విడిపోవడం’ అనే మాటలా వినపడుతుంది. వయసు వరసలో ఒక్కొక్కరూ మూడేసి అగరుబత్తీలు వెలిగించి మూడుసార్లు వంగి మొక్కుతారు.

ఇక్కడ ఆగాలి. పెద్దలు తినడానికి సమయం ఇవ్వాలి. అగరుబత్తీ సగానికి పైగా కాలాక, తిన్నారా అని అడుగుతారు. అడిగే పనిముట్టు అర్ధచంద్రాకారపు చెక్క ముక్కల జత, ఒక వైపు చదును, ఒక వైపు ఉబ్బు. నేల మీదికి వదిలితే ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా పైకి వస్తే అవును. రెండూ చదును పైకి వస్తే పెద్దలు నవ్వుతున్నారు, ప్రశ్న సరిగా అడగలేదు. రెండూ ఉబ్బు పైకి వస్తే కాదు. చెక్కలు లేకపోతే మలేషియాలో రెండు నాణేలతో బొమ్మా బొరుసూ వేస్తారు. లెక్క ప్రకారం సగంసార్లు అవునే వస్తుంది కాబట్టి ఎండలో ఎక్కువసేపు నిలబడాల్సిన పని ఉండదు.

అవును వచ్చాకే కాగితాలు కాలుస్తారు. భోజనం ముగియకముందే డబ్బిస్తే లేచి వెళ్లమన్నట్టు. బంగారు రేకు అంటించిన కాగితం దేవతలకు, వెండి రేకుది పెద్దలకు. ‘పాతాళ బ్యాంకు’ నోట్లు, కాగితపు చొక్కాలు, ఫోన్లు, కార్లు ఆ తర్వాత. కాల్చే చోట నేల మీద గుండ్రంగా గీత గీస్తారు, దారిలో వేరేవాళ్లు లాక్కోకుండా. గీత బయట నాలుగు నోట్లు విడిగా కాలుస్తారు, ఎవరూ లేని ఆత్మల కోసం. ఎక్కువమంది చేసే పొరపాటు కట్టను కట్టగానే మంటలో పడేయడం. లోపలికి గాలి అందక మధ్య నోట్లు పచ్చిగానే మిగులుతాయి, అవతల చిరిగిన నోట్లుగా అందుతాయని నమ్మకం. నోట్లను విసనకర్రలా పరిచి కొంచెం కొంచెం వేయాలి, మంటను కర్రతో కెలికితే అవీ చిరిగిపోతాయంటారు. కాబట్టి కదపకుండా కాలేలా మొదటే వదులుగా పేర్చుకోవాలి.

చివరన ఫూజియెన్, తైవాన్ వైపు గుడ్లు వలిచి పెంకులు దిబ్బ మీద చల్లుతారు, పాతది వదిలి కొత్తది పుట్టినట్టు. సింగపూర్, మలేషియాల్లో అక్కడే రక్తపు చిప్పలు (లోపల ఎర్ర రసం ఉండే ఒక రకం ఆల్చిప్పలు) తిని వాటి గవ్వలు చల్లుతారు. గవ్వ ఒకప్పటి డబ్బు.

అసలు ప్రమాదం నమ్మకాల్లో కాదు, బూడిదలో ఉంది. ఉత్తర చైనాలో ఏప్రిల్ అంటే ఎండిన గడ్డి, పొడి గాలి. పైకి ఆరినట్టున్న కాగితపు బూడిద పొరల కింద గంటసేపు నిప్పు ఉంటుంది, ఒక్క గాలికి లేచి పక్క కొండ మీద పడుతుంది. నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, మడమ కింద వేడి తగలనప్పుడే కదలాలి. అందుకే ఈ రోజుల్లో కొండదారుల మొదట్లో చెక్‌పోస్టులు పెట్టి లైటర్లు, టపాకాయలు తీసేసుకుంటారు. కొన్ని ఊళ్లలో కాగితపు డబ్బు ఇస్తే బదులుగా పూలు ఇస్తారు.

పచ్చ ఉండ్రాళ్లు

చల్లటి తిండి పండుగ పోయినా దాని వంటలు పోలేదు. వేయించిన సన్నటి పిండి చుట్టలు, మన జంతికలకు చుట్టాలు, పొయ్యి లేని రోజుల కోసం పుట్టినవే. షాన్‌షీలో పిండితో చిన్న పిట్టలు చేసి ఆవిరికి ఉడికిస్తారు. షియామెన్‌లో పలచటి గోధుమ రేకులో కూరలు, వేరుశనగ పొడి చుట్టి తింటారు.

షాంఘై, సుజౌ, హాంగ్‌జౌల చింగ్‌త్వాన్ మాత్రం దగ్గరగా చూడాల్సిన వంట. జిగురు బియ్యప్పిండి ఉండ్రం, లోపల తీపి పూర్ణం, పైన ఆకుపచ్చ రంగు. ఆ రంగు వినాయక చవితి పత్రిలో మొదట వచ్చే మాచీపత్రి జాతి మొక్కదే, లేదంటే లేత గోధుమ జాతి పచ్చగడ్డి రసానిది. మాచీపత్రి చిగుళ్లు చింగ్‌మింగ్ ముందే కోయాలి. తర్వాత పీచు పడుతుంది, చేదెక్కుతుంది.

పదహారు ఉండ్రాలకు 100 గ్రాముల చిగుళ్లు. మరిగే నీళ్లలో పావు చెంచా వంటసోడా వేసి ఒకటి రెండు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లటి నీళ్లలో ముంచి పిండి, 110 మి.లీ. నీళ్లతో మెత్తగా రుబ్బాలి. సోడా ఎందుకంటే ఆకులోని పులుపు వేడికి పత్రహరితంలోని మెగ్నీషియాన్ని తోసేస్తుంది, పచ్చ కాస్తా బురద రంగవుతుంది. సోడా ఆ పులుపును విరుస్తుంది. ఎక్కువైతే సబ్బు వాసన. 50 గ్రాముల గోధుమ స్టార్చ్‌లో 75 గ్రాముల మరిగే నీళ్లు పోసి ముద్ద చేయాలి. ఇది ఉండ్రం జారిపోకుండా నిలబెడుతుంది, దీని బదులు మైదా వేస్తే రబ్బరవుతుంది. 200 గ్రాముల జిగురు బియ్యప్పిండి, 25 గ్రాముల చక్కెర, 15 గ్రాముల పంది కొవ్వు లేదా నూనె, రుబ్బిన ఆకు కలిపి, స్టార్చ్ ముద్దతో బాగా మర్దించాలి. 35 గ్రాముల పిండిలో 25 గ్రాముల పూర్ణం. పూర్ణం అక్కడ ఎర్ర అడ్జుకి గింజలది. ఈ మధ్య ఉప్పు గుడ్డు సొన, ఎండు మాంసపు తురుముతో చేసినవి షాంఘైలో 2016 నుంచి గంటల కొద్దీ వరసల్లో నిలబడి కొంటున్నారు.

నీళ్లు మరిగాక 10 నుంచి 12 నిమిషాలు ఆవిరి, అంతే. మరో అయిదు నిమిషాలు వదిలితే ఉండ్రం కుడుములా కూలబడి, రంగు కూడా పోతుంది. పగుళ్లు వస్తే పిండిలో నీళ్లు తక్కువని అర్థం. దించగానే నూనె రాసి ఒక్కోదాన్ని విడిగా ఉంచాలి. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది, మూడు నిమిషాల ఆవిరితో మళ్లీ మెత్తబడుతుంది.

టీ సంగతి ఒక్క మాట. చింగ్‌మింగ్ లోపు కోసిన లుంగ్‌జింగ్ అనే హాంగ్‌జౌ కొండల గ్రీన్ టీ ధర ఆ తర్వాత వారానికే దిగిపోతుంది. చలిలో మొగ్గ నెమ్మదిగా ఎదిగి, వగరు తక్కువ, తీపి ఎక్కువగా ఉంటుంది. కిలో పొడికి నాలుగు కిలోలకు పైగా చిగుళ్లు కావాలి. దుకాణంలో ‘చింగ్‌మింగ్ ముందుది’ అని రాసినంత మాత్రాన ఏ కొండదో చెప్పినట్టు కాదు. దక్షిణాన వెచ్చటి చోట్ల ఫిబ్రవరిలోనే మొగ్గలొస్తాయి.

ప్రభుత్వాలు, బూడిద, గూళ్లు

చనిపోయినవాళ్లను తలచుకునే రోజు రాజకీయానికి దూరంగా ఉండదు. తైవాన్‌ను ఏలిన చియాంగ్ కై షెక్ 1975 ఏప్రిల్ 5న, సరిగ్గా చింగ్‌మింగ్ నాడు చనిపోయాడు. మరుసటి ఏడాది చింగ్‌మింగ్‌కు బీజింగ్ జనం, జనవరిలో మరణించిన ప్రధాని జోవ్ ఎన్‌లై కోసం తియెనాన్‌మెన్ చౌకులో పూలదండలు గుట్టలుగా పెట్టారు. రాత్రికి రాత్రి వాటిని తీసేయించడంతో ఏప్రిల్ 5న చౌకు భగ్గుమంది, అణిచేశారు. సాంస్కృతిక విప్లవంలో మూఢనమ్మకమని కొట్టేసిన ఈ పండుగను 2006లో జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు, 2008 నుంచి సెలవిచ్చారు. 2013 నుంచి ఆ సెలవుల్లో చిన్న కార్లకు హైవే టోల్ లేదు. ఫలితంగా శ్మశానాల దారులన్నీ ఒకే రోజు బిగుసుకుపోతాయి. తెలిసినవాళ్లు వారం ముందే వెళ్లొస్తారు.

షాంఘైలోనో సింగపూర్‌లోనో పనిచేసే మనవాళ్లకు సహోద్యోగి నుంచి పిలుపు వస్తే, శుభాకాంక్షలు చెప్పొద్దు. నిరాడంబరమైన రంగుల బట్టలు, ఎరుపు వద్దు. తీసుకెళ్లాల్సింది తెల్ల, పసుపు చామంతులు. అదే చామంతులు అక్కడ బతికున్నవారికి ఇవ్వరు, మన ఇంటి అలవాటుతో పొరపడతాం. పక్క సమాధి గట్టు తొక్కకూడదు, రాళ్ల ఫొటోలు తీయకూడదు. నైవేద్యం పంచితే తినాలి, అది ఎంగిలి కాదు.

వెళ్లేది సమాధికే అని కూడా చెప్పలేం. 1956లో మావో, ఇతర నాయకులు తమను దహనం చేయాలని సంతకాలు పెట్టారు. చైనా నగరాల్లో ఇప్పుడు దహనమే. సింగపూర్‌లో ఇంకా పూడ్చడానికి తెరిచి ఉన్నది చోవా చూ కాంగ్ శ్మశానం ఒక్కటే, 1998 నుంచి అక్కడ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత ఎముకలు తీసి, కాల్చి, గూట్లో పెట్టాలి. గోడంతా అలాంటి గూళ్లు, ఒక్కోటి చిన్న అల్మారా తలుపంత. హౌథూకు బదులు హాలు మొదట్లో ఉమ్మడి దేవుడు, కాల్చడానికి బయట ఉమ్మడి కొలిమి. బల్ల కోసం వెనక ఇంకో కుటుంబం ఎదురుచూస్తుంటుంది కాబట్టి నాణేలు త్వరగానే ఎగరేస్తారు. గడ్డి లేదు, మట్టి లేదు, కాగితం మీద రాయి పెట్టడానికి దిబ్బ లేదు. తలుపును తడిగుడ్డతో తుడిచి, ఫొటో పక్కన చిన్న ప్లాస్టిక్ పువ్వును టేపుతో అంటించి వస్తారు.